ఇంకో లెన్సు కొనే ముందు

శ్రోతలకు నమస్కారం.

కెమెరా కొని రెండు మూడు నెలలు తిరక్కుండానే కొత్తవాళ్లకు పట్టుకునే బెంగ ఒకటుంది: ఇప్పుడు ఏ లెన్సు కొనాలి? దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకోటి తెలియాలి. ఏ ఫోటో తీయబోతే రాలేదు? ఎందుకు రాలేదు? దూరం వల్లా, వెలుతురు వల్లా?

ఒక కూచిపూడి ప్రదర్శన తీసుకుందాం. మీరు ముందు వరసలో కూర్చున్నారు. స్టేజి మీద అమ్మాయి 7 మీటర్ల దూరంలో ఉంది. మీ దగ్గరున్నది కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సు. ఆ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరవుతుంది. కెమెరాని నిలువుగా పట్టుకుని జూమ్ 55కి తిప్పితే ఫ్రేములో దాదాపు 3 మీటర్ల ఎత్తు పడుతుంది. అంటే నర్తకి తల నుంచి గజ్జెల దాకా నిండుగా పడి, పైనా కిందా ఇంకా చోటు మిగులుతుంది. కాబట్టి దూరం సమస్యే కాదు.

ఇంటికెళ్లి చూసుకుంటే మాత్రం చేతులు చెదిరిపోయి ఉంటాయి. పట్టింది ఏ ముద్రో తెలియదు. 55 దగ్గర కిట్ లెన్సు ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుని వెలుతురు తెస్తుంది. మామూలు స్టేజి వెలుతురులో ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే తీరు, 3200 పెట్టినా షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 60వ వంతు దగ్గరే ఆగిపోతుంది. జతి నడుస్తుండగా చెయ్యి స్పష్టంగా రావాలంటే కనీసం 250వ వంతు కావాలి.

ఇక్కడే చాలామంది వెళ్లి 55-250 లాంటి టెలీ లెన్సు కొనుక్కొస్తారు. అది దగ్గరికి తెస్తుంది, వెలుతురు తేదు. పూర్తిగా లాగితే అదీ ఎఫ్ 5.6యే. ముఖం పెద్దదవుతుంది, చెదిరిన చెయ్యీ అంతే పెద్దదవుతుంది! వణుకు తగ్గించే ఏర్పాటు లెన్సులోనే ఉంది కదా అంటారు. అది ఆపేది మీ చేతి వణుకుని. నర్తకి చేతిని కాదు.

డబ్బు తీసే ముందు ఖర్చులేని పనులు చూడండి. ఐఎస్ఓ 12800కి పెంచితే అదే లెన్సుతో 250వ వంతు వచ్చేస్తుంది. కాస్త గ్రెయిన్ పడుతుంది, పడనివ్వండి. చెదిరిన ఫోటో కన్నా గరుకు ఫోటో నయం. ముఖం తెల్లగా మాడిపోతోందా? వెనక నల్ల తెర చూసి కెమెరా వెలుతురు చాలదనుకుంటోంది. ఫోటో వెలుగుని పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ 1కి దించండి, షట్టర్ వేగం కూడా పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తాళం వినండి. జతి తీర్మానం పూర్తయ్యే చోట నర్తకి ఒక్క క్షణం భంగిమలో నిలుస్తుంది. ఆ క్షణంలో 60వ వంతు కూడా చాలు.

ఇవన్నీ చేశాక కూడా నిలబడ్డ భంగిమ కాదు, కదిలే నాట్యమే కావాలనిపిస్తే, అప్పుడు జూమ్ లేని 50 ఎఫ్ 1.8 లెన్సు కొనండి. ఎఫ్ 5.6 కన్నా దాదాపు 10 రెట్ల వెలుతురు. 60వ వంతు దగ్గర ఆగిన షట్టర్ అదే ఐఎస్ఓ 3200లో 500వ వంతుకి చేరుతుంది.

అయితే ఈ 50తో ఇంట్లో ఇబ్బంది. మనిషిని నిలువెత్తున తీయాలంటే 14 అడుగులు వెనక్కి వెళ్లాలి. పదికి పన్నెండు గదిలో వీపు గోడకు ఆనినా కాళ్లు తెగిపోతాయి. ఇంట్లో పిల్లల్ని తీసేవాళ్లకి 35 ఎఫ్ 1.8 మేలు, 10 అడుగులు చాలు. ఇంకో మాట. 50తో ఒకటిన్నర మీటరు దూరం నుంచి ఎఫ్ 1.8లో ముఖం తీస్తే స్పష్టంగా ఉండే లోతు 6-7 సెంటీమీటర్లే. కళ్లు బాగుంటాయి, చెవులు మసకబారతాయి. కొందరికి అదే ఇష్టం, కాదనను. నచ్చకపోతే ఎఫ్ 2.8కి మార్చండి.

పులికాట్ సరస్సులో రాజహంసలు ఫ్రేములో చుక్కల్లా పడుతున్నాయంటే అది నిజంగా దూరం సమస్యే. అక్కడ టెలీ కావాల్సిందే. అందుకే మళ్లీ అడుగుతున్నాను: దూరమా, వెలుతురా? తేలకపోతే మీరు తీసిన ఫోటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్ చూడండి. చాలావరకు 18కీ 35కీ మధ్యే ఉంటే టెలీ బీరువాలో పడుంటుంది.

కొనేటప్పుడు మీ కెమెరా వెంట తీసుకెళ్లండి. నికాన్ డి3500, డి5600 లాంటి వాటిలో ఫోకస్ మోటారు ఉండదు. ఎఫ్ 1.8 తర్వాత డి అక్షరం ఉన్న పాత 50 వాటికి బిగిస్తే ఆటోఫోకస్ పనిచేయదు, రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. షాపులోనే లెన్సు బిగించి, బటన్ సగం నొక్కి చూడండి. సెకండ్‌హ్యాండ్‌దైతే వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి చూడండి. గాజు లోపల సాలెగూడు పోగుల్లా తెల్లగా కనిపిస్తే అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా వద్దనండి.

నమస్కారం.