హారాలు వేరైన భిన్నాల కూడిక: క.సా.గు. కంటే ముందు

ఉపాధ్యాయ మిత్రులారా,

1/2కు 1/3 కలపమంటే 2/5 అని రాసే పిల్లలు మన తరగతుల్లో తరచుగా కనిపిస్తారు. లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కలిపి తెచ్చిన ఆ జవాబును కొట్టివేసి, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతిని మళ్లీ బోర్డు మీద రాసే కంటే, 2/5 సగం కంటే ఎక్కువా తక్కువా అని అడగడం మేలని నా అభిప్రాయం. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందన్న సందేహం పిల్లలకే కలగాలి. అది కలగకముందు నేర్పిన సూత్రం పరీక్ష దాకానే నిలుస్తుంది.

హారం ఎన్ని భాగాలు చేశామో చెబుతూనే ఒక్కో భాగం ఎంత పెద్దదో కూడా చెబుతుంది. పరిమాణం వేరైన భాగాలను కలిపి లెక్కించలేం. దీన్ని కాగితం మీద చూపించవచ్చు. 1/4, 1/6 తీసుకుందాం. ఒకే కొలత గల రెండు దీర్ఘచతురస్రాకారపు కాగితాలను తీసుకొని, ఒక్కోదాన్ని 4 నిలువు వరుసలుగా, 6 అడ్డు వరుసలుగా గీయించండి. రెండింటిలోనూ 24 గళ్లు వస్తాయి. మొదటి దానిలో ఒక నిలువు వరుసకు రంగు వేస్తే 6 గళ్లు, రెండో దానిలో ఒక అడ్డు వరుసకు వేస్తే 4 గళ్లు, మొత్తం 10/24. (రెండు రంగులూ ఒకే కాగితం మీద వేయిస్తే ఒక గడి రెండు వరుసల్లోనూ పడి లెక్క తప్పుతుంది, అందుకే రెండు కాగితాలు.) ఇప్పుడు గళ్లను రెండేసి చొప్పున జత కట్టమంటే 24 గళ్లు 12 జతలవుతాయి, రంగు వేసినవి 3, 2 జతలవుతాయి, జవాబు 5/12 అవుతుంది. 24తో పని జరుగుతుందనీ, 12తో సులువుగా జరుగుతుందనీ పిల్లలు తామే గ్రహిస్తారు.

చరిత్రలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. క్రీ.శ. 628 నాటి గణితవేత్త బ్రహ్మగుప్తుని నియమం ఒక భిన్నపు హారంతో మరో భిన్నపు లవాన్నీ హారాన్నీ గుణించమంటుంది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో క.సా.గు.తో ఆ శ్రమను తగ్గించాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన. కాబట్టి హారాల లబ్ధంతో లెక్క చేసిన విద్యార్థికి మార్కులు తగ్గించడం న్యాయం కాదు.

క.సా.గు. అవసరాన్ని పెద్ద హారాలే తెలియజేస్తాయి. 5/12 + 7/18లో లబ్ధం 216, క.సా.గు. 36 మాత్రమే, 15/36కు 14/36 కలిపితే 29/36. అయితే గుణకారం మొదలుపెట్టకముందే, రెండు భిన్నాలూ సగం కంటే తక్కువే కాబట్టి మొత్తం 1 దాటదని పిల్లల చేత చెప్పించండి.