ఫోన్-ఇన్: సెకండ్ హ్యాండ్ మస్టాంగ్, చేతిలో 3 లక్షలు. ముందు దేనికి పెట్టాలి?

యాంకర్: నమస్కారమండి. విశాఖ నుంచి కార్ల ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఈ రోజు మజిల్ కార్లు, అంటే పెద్ద ఇంజిన్ ఉన్న అమెరికా స్పీడు కార్ల గురించి. స్పీడు కార్ల పనిలో చాలా అనుభవం ఉన్న మన నిపుణులు స్టూడియోలోనే ఉన్నారు. మొదటి కాల్ సీతమ్మధార నుంచి, చెప్పండి సర్.

కాలర్ 1: నమస్తే మేడమ్, నమస్తే సర్. నేను 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను సర్. కొనడానికే ఉన్నదంతా అయిపోయింది, ఇంట్లో ఇంకా తిడుతూనే ఉన్నారు. ఇంకో 3 లక్షల దాకా పెట్టగలను. ఇంజిన్‌కి చల్లగాలి అందించే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్, ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే ఈసీయూ ట్యూనింగ్, కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగ్స్... ఇలా లిస్ట్ రాసుకున్నాను. ఏది ముందు చేయించమంటారు?

నిపుణుడు: లిస్టులో బ్రేకులు, టైర్లు లేవేంటండి?

కాలర్ 1: అవి బానే ఉన్నాయి కద సర్. బానే ఆగుతోంది.

నిపుణుడు: ఎంవీపీలో, మద్దిలపాలెంలో ఆగుతుంది, అక్కడ మీరు 50 కూడా దాటరు. అరకు వెళ్లారా దాంతో?

కాలర్ 1: వెళ్లాను సర్. దిగేటప్పుడు పెడల్ కొంచెం మెత్తగా అనిపించింది.

నిపుణుడు: చూశారా, జవాబు మీరే చెప్పేశారు. బ్రేక్ ఫ్లూయిడ్‌కి గాల్లో తేమ లాగేసుకునే గుణం ఉంది. మన ఊరు సముద్రం పక్కనే, తేమ సంగతి చెప్పక్కర్లేదు. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అదే తేమ పట్టాక ఆ కనీస లెక్క 155కి పడిపోతుంది. అరకు దారిలో అనంతగిరి ఘాట్‌లో కిందికి దిగుతూ వంపు వంపుకీ బ్రేక్ తొక్కితే ఆ వేడికి ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ లోపలికి వెళ్లిపోతుంది కానీ బండి ఆగదు. పాత ఓనరు ఎప్పుడు మార్చాడో మీకు తెలియదు కాబట్టి ముందు అది మార్పించండి, తర్వాత రెండేళ్లకోసారి. కాస్త మంచి ప్యాడ్లు వేయించండి. అన్నట్టు ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీద భారం తగ్గేలా గేరు మీ చేతిలోకి తీసుకోండి, స్టీరింగ్ వెనక గేరు మార్చే ప్యాడిల్స్ ఉన్నది అందుకే.

కాలర్ 1: అంటే పవర్ సంగతి తర్వాతా సర్?

నిపుణుడు: మన దేశంలో అమ్మిన జీటీలో 5 లీటర్ల వీ8, అంటే 8 సిలిండర్ల ఇంజిన్ ఉంది, దగ్గర దగ్గర 400 హార్స్‌పవర్, 515 న్యూటన్ మీటర్ల టార్క్. ఉన్న ఆ పవర్ ముందు రోడ్డు మీదికి దిగుతోందా అని చూడాలి. సిగ్నల్ దగ్గర గట్టిగా తొక్కితే వెనక చక్రాలు దడదడమని ఎగురుతాయా?

కాలర్ 1: అవును సర్! వెనక చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్ పోయిందేమో అనుకున్నా.

నిపుణుడు: దాన్ని వీల్ హాప్ అంటారు. 2015 నుంచి మస్టాంగ్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే రెండు చక్రాలూ దేనికది కదిలేది వచ్చింది. ఆ సస్పెన్షన్ మొత్తం సబ్‌ఫ్రేమ్ అనే ఒక చట్రానికి, ఆ సబ్‌ఫ్రేమ్ రబ్బరు బుష్‌ల మీద బాడీకి బిగించి ఉంటాయి. కంపెనీ సుఖంగా ఉండాలని ఆ రబ్బరు మెత్తగా పెట్టింది. గట్టిగా తొక్కేసరికి సబ్‌ఫ్రేమ్ అటూ ఇటూ కదిలి టైరు పట్టు వదిలేస్తుంది. దాన్ని కదలకుండా బిగించే చిన్న కిట్లు దొరుకుతాయి, మీ లిస్టులో ఉన్న ఎగ్జాస్ట్ ధర కన్నా చాలా తక్కువ, తేడా మాత్రం మొదటి రోజే తెలుస్తుంది. నన్నడిగితే బ్రేకుల పని అయ్యాక ఈ కారుకి మొదటి కొత్త పార్టు అదే. దాంతోపాటు టైర్లు. నాలుగూ కలిపి లక్ష పైనే అవుతుంది, మీ బడ్జెట్‌లో పెద్ద ముక్క పోతుందని బాధపడకండి, కారుకీ రోడ్డుకీ మధ్య ఉన్నవి ఆ నాలుగే.

యాంకర్: మరి ఆయన రాసుకున్న ఇన్‌టేక్, ట్యూనింగ్?

నిపుణుడు: ట్యూనింగ్ దగ్గర ఒక పెద్ద తిరకాసుంది మేడమ్, అది చెప్పాలి. అమెరికా ట్యూనర్లు ఇంజిన్ కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫైల్ ఆన్‌లైన్‌లో పంపుతారు, 91 ఆక్టేన్ ఫైల్ అనీ 93 ఫైల్ అనీ. ఆక్టేన్ అంటే పెట్రోల్ వేళకి ముందే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. మనవాళ్లు మన బంకులో కూడా 91 అనే విన్నాం కదా అని ఆ ఫైల్ ఎక్కించేస్తారు. ఆ 91, ఈ 91 ఒకటి కాదు. మనం లెక్కేసేది రాన్‌లో, వాళ్లు పంపు మీద రాసేది రాన్, మాన్ అనే రెండు లెక్కల సగటు. మన 91 వాళ్ల లెక్కలో సుమారు 87. వాళ్ల 91 కావాలంటే మనకి 95 రాన్ ఉండాలి, వాళ్ల 93 అంటే ఇక్కడ 98 దాకా ఉండాలి.

కాలర్ 1: అమ్మో. అయితే నేను నార్మల్ పెట్రోల్ కొట్టిస్తే?

నిపుణుడు: ఇప్పుడు వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ 95 రాన్ అని ప్రభుత్వం చెబుతోంది, బాగానే ఉంది. కానీ మీ కారు అంత ఇథనాల్ కోసం తయారైంది కాదు, మాన్యువల్లో ఎంతవరకు అని రాసుందో చూడండి. నేనైతే 93 ఫైల్ జోలికి వెళ్లను. ఇంధనం తక్కువ రకం అయితే ఇంజిన్‌లో నాక్, అంటే పెట్రోల్ వేళ కాని వేళ అంటుకోవడం వస్తుంది, సెన్సర్ పట్టుకుని ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, మీరు డబ్బు పెట్టి కొన్న పవర్ అక్కడితో పోయినట్టే. ఎండాకాలం మధ్యాహ్నం హనుమంతవాక జంక్షన్‌లో అరగంట ఇరుక్కుంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలే కాలుతుంటుంది, అప్పుడు ఇంకా కష్టం. ట్యూన్ చేయిస్తే ఇక్కడి పెట్రోల్ పేరు, రాన్ అంకె, ఇథనాల్ శాతం మూడూ ట్యూనర్‌కి రాసి పంపండి, లాగ్స్, అంటే బండి నడిచేటప్పుడు కంప్యూటర్‌లో రికార్డయిన లెక్కలు తీసి చూపించి సరిచేయించుకోండి. 100 ఆక్టేన్ పెట్రోల్ ఉంది గానీ లీటరు 150 దాటుతుంది, రోజూ ఎవరు కొట్టిస్తారు?

కాలర్ 1: ఇన్‌టేక్ పెడితే ఎంత పెరుగుతుంది సర్?

నిపుణుడు: ట్యూన్ లేకుండా ఒట్టి ఇన్‌టేక్ పెడితే పెరిగేది సౌండే. రెండూ కలిపితే ఓ 20, 30 హార్స్‌పవర్ రావచ్చు, గాలిని ఇంజిన్‌లోకి బలంగా నెట్టే టర్బో దీనికి లేదు కదా. నిజంగా మీకు తేడా తెలిసేది యాక్సిలరేటర్‌కి బండి ఎంత త్వరగా స్పందిస్తోంది, గేర్లు ఎంత చురుగ్గా పడుతున్నాయి అన్న దాంట్లో. అది బాగుంటుంది, కాదనను. లోయరింగ్ స్ప్రింగ్స్ మాత్రం కొట్టేయండి. మన స్పీడ్ బ్రేకర్లకి స్టాక్ హైట్‌లోనే పొట్ట తగులుతుంది.

యాంకర్: ఎగ్జాస్ట్ మార్చడం చట్టప్రకారం ఓకేనా?

నిపుణుడు: కాదు మేడమ్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. దానికన్నా నాకు భయం ఇన్సూరెన్స్‌తో. చెప్పకుండా మార్చిన బండికి యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర పట్టుకుంటారు. అందుకే బ్రేక్ ప్యాడ్లు, అదే సైజు టైర్లు, ఫ్లూయిడ్లతో మొదలుపెట్టమంటున్నాను. ఇంకా ఏమైనా మార్చే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టి, రాతలో జవాబు తీసుకోండి.

కాలర్ 1: మరి 3 లక్షలూ ఎలా సర్దుకోమంటారు సర్?

నిపుణుడు: సగం పైన టైర్లకి, బ్రేకులకి. తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్, కూలెంట్, ప్లగ్గులు... పాత ఓనరు మాట నమ్మకుండా అన్నీ కొత్తవి. తర్వాత సబ్‌ఫ్రేమ్ కిట్, ఆ వెంటనే అలైన్‌మెంట్. అమెరికా సైట్‌లో డాలర్ ధర చూసి లెక్క వేసుకోవద్దు, షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ, జీఎస్టీ కలిసేసరికి కళ్లు తిరుగుతాయి. ఓ 50 వేలు మాత్రం ముట్టుకోకండి. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లోనే ప్రకటించింది, మీ బండి మొదట్నుంచీ దిగుమతి బండే, ఏదైనా సెన్సర్ పోతే అది వచ్చేదాకా బండి ఇంట్లో కూర్చుంటుంది. ఇవన్నీ అయ్యాక ఇంకా కుతి తీరకపోతే ఒకసారి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట ట్రాక్‌కి తీసుకెళ్లండి, అక్కడ తొక్కాక ఏది కావాలో బండే చెబుతుంది.

యాంకర్: థాంక్యూ సర్. గాజువాక నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్ 2: నమస్తే అండి. మా తమ్ముడు డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ 2018 మస్టాంగ్ కొన్నాడు, ఎకోబూస్ట్ అంటాడు. ఇప్పుడేదో ట్యూన్ చేయిస్తే పవర్ బాగా పెరుగుతుందని 1,500 డాలర్లు పంపమంటున్నాడు. చదువుకోరా అంటే కార్ల కబుర్లు చెబుతున్నాడు. పంపమంటారా?

నిపుణుడు: (నవ్వుతూ) డబ్బు సంగతి మీ అక్కాతమ్ముళ్లు తేల్చుకోండమ్మా. కారు విషయంలో మాత్రం మీ తమ్ముడు చెప్పేది నిజమే. అది 2.3 లీటర్ల టర్బో ఇంజిన్, 310 హార్స్‌పవర్. టర్బో కాబట్టి ట్యూన్‌కి బాగా పెరుగుతుంది, వాళ్ల బంకుల్లో 93 కూడా దొరుకుతుంది. కానీ టెక్సాస్ ఎండకి టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే కంపెనీ ఇంటర్‌కూలర్ రెండు మూడు సార్లు గట్టిగా తొక్కేసరికి వేడెక్కిపోతుంది. అందుకే ముందు ఇంటర్‌కూలర్, ట్యూన్ ఆ తర్వాత. వారంటీ చూస్తే పవర్‌ట్రెయిన్‌ది, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్‌లది 5 ఏళ్లు, అది అయిపోయింది, ఇంజిన్ పోతే ఖర్చు మీ ఇంటిదే. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఎవరు తీసేయమన్నా ఒప్పుకోవద్దనండి, అక్కడ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, డాలస్‌లో ఏటా ఎమిషన్ టెస్ట్ ఉంది, అక్కడే దొరికిపోతాడు. ఇన్సూరెన్స్‌కి ఇప్పటికే ఎంత కడుతున్నాడో అడిగారా?

కాలర్ 2: అడిగితే మాట మారుస్తున్నాడండి.

నిపుణుడు: అయితే ముందు అది చెప్పమనండి, అప్పుడు పంపండి.

యాంకర్: ఆఖరి కాల్ లాసన్స్ బే కాలనీ నుంచి. చెప్పండి మాస్టారు.

కాలర్ 3: ఏటండీ, మీరు కార్లకి పవర్లు పెంచమంటున్నారు, రాత్రి పదకొండయ్యాక మా బీచ్ రోడ్డు మీద ఆ మోతకి నిద్ర పట్టట్లేదు. ఏటి చేయాలి?

నిపుణుడు: పెంచమనలేదండి, ఆపే సంగతి చూసుకోమన్నాను. మోత భరించలేకపోతే 112కి చేసి బండి నంబరు, టైము చెప్పండి.

కాలర్ 3: సరే. నా బండి గురించి కూడా ఒకటి. పాతది, తక్కువే తిరిగింది, టైర్ల గాడులు ఇంకా బాగున్నాయి. మార్చక్కర్లేదు కద?

నిపుణుడు: గాడులు చూసి చెప్పలేం, టైరు వయసు చూడాలి. టైరు పక్కన డాట్ (DOT) అని ఉండి చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతవి ఏడాది. ఏముందో చెప్పగలరా?

కాలర్ 3: ఒక్క నిమిషం, కిందికి దిగుతున్నాను... కళ్లద్దాలు... ఆఁ, ఒకటి, ఒకటి, ఒకటి, నాలుగు.

నిపుణుడు: 2014లో 11వ వారం అన్నమాట. సర్, ఈ వారంలోనే మార్చేయండి, అంతవరకు హైవే ఎక్కొద్దు. స్టెప్నీ కూడా చూడండి, అది కూడా అదే వయసుది అయుంటుంది.