కారు బ్యాటరీ చార్జర్ కొనే ముందు ఈ వీడియో చూడండి | సీటెక్ ఎంఎక్స్ఎస్ 5.0 రివ్యూ

నమస్కారమండీ. ఇది మా అపార్ట్‌మెంట్ సెల్లార్, వెనకాల ఉన్నది మా వ్యాగన్ఆర్. సంక్రాంతికి ఊరెళ్లి మూడు వారాలు ఉండిపోయాం. తిరిగొచ్చేసరికి రిమోట్ నొక్కినా డోర్ లాక్ తెరుచుకోలేదు. తాళంచెవితోనే డోర్ తీసి, కూర్చుని స్టార్ట్ చేయబోతే డ్యాష్‌బోర్డులో ఒక్క లైటు వెలగలేదు.

ఇంట్లో ఒక చార్జర్ ఉంది, రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో కొన్నది. బ్యాటరీ 6 వోల్టులదా, 12 వోల్టులదా అని తనే కనిపెట్టుకునే రకం. దాన్ని తగిలించాను. గంటన్నరకే ఫుల్ అని చూపించింది. స్టార్ట్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పెట్టాను, పది నిమిషాల్లో మళ్లీ ఫుల్. బ్యాటరీ షాపుకు ఫోన్ చేస్తే చూడకుండానే "మార్చేయండి సార్" అన్నారు. మూడేళ్ల బ్యాటరీ, పోయే ఉంటుందిలే అని నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను.

మల్టీమీటర్ పెట్టి చూశాకే అసలు సంగతి తెలిసింది. చార్జర్ ఫుల్ అన్న బ్యాటరీలో ఉన్నది 7.2 వోల్టులు. చార్జింగ్ పెట్టకముందు 6.4 ఉంది. మన కారు బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. నిండా చార్జ్ అయి కొన్ని గంటలు ఊరికే ఉన్నాక 12.6 పైన చూపించాలి. 12.2 అంటే సగం. 11.8 కంటే దిగితే దాదాపు ఖాళీ. మాది 6.4కి పడిపోవడంతో చార్జర్ దాన్ని 6 వోల్టుల బ్యాటరీ అనుకుంది, ఆ లెక్కలో నింపేసి ఆగిపోయింది. అంటే చార్జరూ పోలేదు, బ్యాటరీ పోయిందని చెప్పడానికీ అప్పటికి ఆధారం లేదు.

ఇది చాలామందికి ఇంకో రూపంలో ఎదురవుతుంది. స్మార్ట్ చార్జర్ ముందుగా బ్యాటరీలో ఎంతో కొంత వోల్టేజ్ ఉందా అని చూస్తుంది. మరీ తక్కువుంటే కరెంట్ వదలదు. తగిలించగానే ఏమీ జరగకపోయేసరికి చార్జర్ పాడైందని వాపస్ పంపేస్తారు. అలాంటప్పుడు బాగున్న ఇంకో 12 వోల్టుల బ్యాటరీని జంపర్ కేబుల్‌తో ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే చార్జర్‌కు 12 వోల్టులు కనిపిస్తాయి, మొదలవుతుంది. ఓ ఇరవై నిమిషాలయ్యాక చార్జర్ ఆపి, కేబుల్స్ తీసి, వెంటనే మళ్లీ ఆన్ చేయండి. చార్జర్ ఆపకుండా కేబుల్ మాత్రం తీయకండి. చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక ఈ రోజు రివ్యూ చేస్తున్న చార్జర్ ఇది. సీటెక్ అని స్వీడన్ కంపెనీ, మోడల్ ఎంఎక్స్ఎస్ 5.0. పాతదానికి నాలుగైదు రెట్లు ధర పెట్టాల్సి వచ్చింది. ఇది 12 వోల్టులకు మాత్రమే, కాబట్టి ఆ 6 వోల్టుల గందరగోళం లేదు. బ్యాటరీ 2 వోల్టులకు పడిపోయినా మొదలవుతుంది. మొత్తం ఎనిమిది దశలు. మొదటి రెండింటిలో మెల్లగా లేపుతుంది. మూడో దశలో 5 ఆంపియర్లు ఇస్తూ ఎనభై శాతం దాకా తీసుకెళ్తుంది. నాలుగో దశలో 14.4 వోల్టుల దగ్గర పట్టి ఉంచి కరెంట్ తగ్గించుకుంటూ వస్తుంది. నాకు బాగా నచ్చింది ఐదోది. అక్కడ చార్జింగ్ ఆపేసి, బ్యాటరీ చార్జ్ నిలుపుకుంటోందా లేదా అని పరీక్షిస్తుంది. రాత్రి పెట్టాను, తెల్లారేసరికి ఏడో దశ లైటు వెలుగుతోంది, అంటే చార్జింగ్ నిండిపోయినట్టు. బండి ఒక్క తిప్పుకు స్టార్ట్ అయింది.

లోపం కూడా చెప్పాలి. అంకెలు చూపించే డిస్‌ప్లే లేదు, లైట్లే. ఆ లైట్ల అర్థం తెలిస్తే సగం రిపేరు అయినట్టే. ఒకటో దశలోనే తప్పు లైటు వెలిగి ఆగిపోతే బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ బాగా పేరుకుందని. రెండో దశలో ఆగితే చార్జ్ తీసుకోవడం లేదని. ఐదులో ఆగితే తీసుకుంటోంది గానీ నిలవడం లేదని, అప్పుడు కొత్త బ్యాటరీ కొనాల్సిందే. అయితే ఆ నిర్ణయానికి ముందు టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి చూడండి. వేడినీళ్లలో వంటసోడా కలిపి, పాత బ్రష్‌తో రుద్ది తుడిచేయండి. క్లిప్పు ఆ పొడిని కరుచుకుని ఉంటే ఏ చార్జరైనా తప్పే చూపిస్తుంది. ఎంత చార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే మాత్రం ఒక సెల్ పోయినట్టే.

ఇందులో బాగా దిగిపోయిన బ్యాటరీని తిరిగి కోలుకునేలా చేసే రీకండిషన్ మోడ్ ఉంది, 15.8 వోల్టుల దాకా వెళ్తుంది. బ్యాటరీ కారులో ఉండగా దాన్ని వాడకండి. విప్పి, గాలి ఆడేచోట పెట్టి చేయండి.

ఎన్ని ఆంపియర్ల చార్జర్ కొనాలి? బ్యాటరీ ఏహెచ్‌లో, అంటే అది ఎంత చార్జ్ పడుతుందో చెప్పే ఆంపియర్-అవర్ అంకెలో, పదో వంతు అనేది పాత లెక్క. మాది 35 ఏహెచ్, మూడున్నర ఆంపియర్లు సరిపోతాయి. 5 ఆంపియర్ల స్మార్ట్ చార్జరైనా ఇబ్బంది లేదు. పెద్ద డీజిల్ కార్లకూ ఇదే పనిచేస్తుంది, గంటలు ఎక్కువ పడతాయి, అంతే. బైక్ బ్యాటరీకి మాత్రం తప్పనిసరిగా బైక్ మోడ్, 0.8 ఆంపియర్లు. కొంతమంది చార్జ్ చేయడానికి ఇంట్లో ఇన్వర్టర్‌కు కారు బ్యాటరీ తగిలిస్తారు. ఇన్వర్టర్ పెద్ద బ్యాటరీల కోసం తయారైంది, పది, పదిహేను ఆంపియర్లు తోసేస్తుంది. చిన్న బ్యాటరీ వేడెక్కి నీళ్లు ఆవిరైపోతాయి. దయచేసి అలా చేయకండి. మెకానిక్ దగ్గర ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ ఎంత చచ్చిన బ్యాటరీకైనా కరెంట్ ఎక్కిస్తుంది, కానీ తనంతట తను ఆగదు. పక్కన మనిషి ఉండాలి.

తగిలించే పద్ధతి: మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉండగా ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్ల క్లిప్పు బ్యాటరీకి దూరంగా బాడీ మీద రంగు లేని బోల్టుకు, ఆ తర్వాతే స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత నలుపు, చివర ఎరుపు. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనే ఆగే కార్లలో మైనస్ టెర్మినల్ మీదే సెన్సర్ ఉంటుంది, వాళ్లు నల్ల క్లిప్పు బాడీకే పెట్టాలి.

ఇంతకీ మా బ్యాటరీ ఎందుకు దిగింది? కారు లాక్ చేసి, అరగంట ఆగి, మీటర్‌ను మైనస్ వైరుకు వరసలో పెట్టి కొలిచాను. కారు ఆగి ఉన్నా బ్యాటరీ నుంచి పోతున్న కరెంట్ 60 మిల్లీఆంపియర్లు. మామూలుగా 50 లోపు ఉండాలి. 60 అంటే రోజుకు 1.44 ఏహెచ్, 21 రోజులకు 30. మూడేళ్లు వాడిన 35 ఏహెచ్ బ్యాటరీలో ఇంకేం మిగులుతుంది? దొంగ ఎవరంటే డ్యాష్‌క్యామ్, దాని వైరు నేరుగా బ్యాటరీకి ఇచ్చేశారు. తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే ఫ్యూజుకు మార్పించాను. ఇప్పుడు 20 మిల్లీఆంపియర్లు.

ఇదిగో, క్లిప్పులు తీసి రెండు రాత్రులైంది. మీటర్ చూడండి, 12.52. నిన్న ఇదే వేళకు 12.54. ఈ బ్యాటరీ ఇదివరకటి బలానికి రాదు, కానీ పారేయాల్సింది కాదు. ఇప్పటి నుంచి పది రోజులు కారు కదపను. పదో రోజు రీడింగ్ ఎంత వస్తే అంత, ఈ వీడియో కిందే పెడతాను.