చైనా క్యాలెండర్ చంద్రుడి ఒక్కడిదే కాదు

నమస్కారం. చైనా కొత్త సంవత్సరం దగ్గరపడితే చాలు, టీవీల్లో, రీల్స్‌లో ఒకటే మాట: "వాళ్లది పూర్తిగా చంద్రుడి లెక్క, అందుకే ఏటా తేదీ మారుతుంది." విన్న ప్రతిసారీ నాకు చిరాకేస్తుంది. పూర్తిగా చంద్రుడి లెక్కంటే రంజాన్ నెలది. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ఎండల్లోకీ, వానల్లోకీ, చలిలోకీ వచ్చేస్తుంది. చైనా వాళ్ల పండగ ఎప్పుడైనా జూన్‌లో వచ్చిందా? జనవరి చివరికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్యే తిరుగుతుంది. దాన్ని అక్కడ కట్టేసి ఉంచింది సూర్యుడు.

అధికమాసం అంటే మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ల సూత్రం దాదాపు మనదే. సూర్యుడి ఏడాది దారిని వాళ్లు 24 భాగాలు చేశారు. అందులో ఒకటి విడిచి ఒకటి, 12 చోట్ల మైలురాళ్లు పాతారనుకోండి. వీటి పేరు 'చోంగ్‌చీ'. రాయికీ రాయికీ మధ్య సగటున 30.4 రోజులు. అమావాస్య నుంచి అమావాస్యకు 29.5 రోజులే. మామూలుగా నెలకో రాయి తగులుతుంది. తేడా పేరుకుంటూ పోయి ఎప్పుడో ఒక నెల రెండు రాళ్ల మధ్యలోనే మొదలై అక్కడే అయిపోతుంది. రాయి తగలని ఆ నెలే అధికం.

(స్క్రీన్ మీద 2025 జులై, ఆగస్టు నెలలు)

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇది. 2025లో జులై 22న ఒక రాయి దాటాం. తర్వాతి రాయి ఆగస్టు 23న. మధ్యలో జులై 25 నుంచి ఆగస్టు 22 దాకా ఒక నెల రాయి తగలకుండా గడిచిపోయింది. దాంతో ఆరో నెల రెండుసార్లు వచ్చింది. ఇంకా దగ్గరికెళ్లి చూడండి. ఆగస్టు 23న బీజింగ్ టైమ్‌లో సూర్యుడు రాయి దగ్గరికి వచ్చింది తెల్లవారుజామున. అమావాస్య ఘడియ మధ్యాహ్నం రెండు దాటాక. మన పంచాంగం లెక్కన చూస్తే ఆ రాయి పాత నెలదే! వాళ్లు ఘడియలు చూడరు, తేదీ చూస్తారు. అమావాస్య పడిన రోజు మొత్తం కొత్త నెలదే, కాబట్టి రాయి కూడా దానిదే.

మరి వాళ్ల అధికం, మన అధికం ఒకేసారి ఎందుకు రావు? మన సంక్రమణాలు నక్షత్రాలను బట్టి, వాళ్లవి రుతువులను బట్టి. రాళ్లు ఇరవై నాలుగు రోజుల తేడాతో పాతినట్టు. 2023లో వాళ్లకు మార్చి, ఏప్రిల్‌లో వస్తే, మనకు అధిక శ్రావణం జులైలో వచ్చింది.

ఇదంతా లెక్కల గొడవే అనుకోకండి, పెళ్లిళ్ల దాకా వెళ్తుంది. 24 భాగాల్లో 'లీచున్' వసంతానికి మొదలు, ఫిబ్రవరి 4 అటూ ఇటూ. 2024 ఫిబ్రవరి 10న మొదలైన డ్రాగన్ సంవత్సరంలో లీచున్ ఒక్కటీ పడలేదు. అలాంటి దాన్ని 'విధవ సంవత్సరం' అని చాలామంది పెళ్లిళ్లు వాయిదా వేసుకుంటారు. నా మటుకు నాకు ఇది బాధ కలిగించే నమ్మకం, ఆడపిల్లను భయపెట్టే పేరది. తర్వాతి పాము సంవత్సరంలో అధికం కలిసి 384 రోజులు, రెండు లీచున్‌లు, దాన్ని పెళ్లికి మహా శుభం అన్నారు. మనం అధికమాసంలో పెళ్లి పెట్టుకోం, అక్కడ అధికం వచ్చిన ఏడాదికే గిరాకీ!

సమాధులు శుభ్రం చేసే చింగ్‌మింగ్ కూడా సూర్యుడి పండగే, ఏటా ఏప్రిల్ 4, 5 తేదీల్లోనే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 1645లో జర్మన్ జెసూట్ (క్రైస్తవ మతగురువు) ఆడమ్ షాల్ చేతుల మీదుగా సూర్యుడి అసలు నడకను బట్టి రాళ్లు పాతడం మొదలైంది. 1912లో ప్రభుత్వం గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారినా జనం పాతదాన్ని వదల్లేదు. 2016లో ఆ 24 భాగాలకు యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఆఖరుగా వియత్నాం. సూత్రం అదే, గడియారం బీజింగ్‌కు గంట వెనుక. అతి తక్కువ పగలుండే రోజు తగిలే రాయి ఏ నెలలో పడితే అది పదకొండో నెల. 1984లో ఆ రాయి హనోయ్‌లో డిసెంబర్ 21 రాత్రి 11:23కు, బీజింగ్‌లో 22 అర్ధరాత్రి 12:23కు పడింది. 22నే అమావాస్య. అంటే ఆ రాయి హనోయ్‌లో పాత నెలది, బీజింగ్‌లో కొత్త నెలది అయింది, నెలల లెక్క ఒక నెల తేడా పడింది. అందుకే 1985లో వియత్నాం వాళ్లు టెట్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం పండగను జనవరి 21న చేసుకుంటే, చైనా వాళ్లు ఫిబ్రవరి 20న చేసుకున్నారు.