అన్నీ మార్చాను, బండి మాత్రం స్టార్ట్ కావడం లేదు

యాంకర్: నమస్కారం. పాత బండ్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ల కోసం ఈ గంట. మన సీనియర్ మెకానిక్ గారు స్టూడియోలోనే ఉన్నారు. మొదటి ఫోన్ తీసుకుందాం. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. నాది 1969 షెవ్రొలే కెమారో. 350 స్మాల్ బ్లాక్ ఇంజన్, మాన్యువల్ గేర్లు. ఇంజన్ మళ్లీ కట్టించడానికే మూడేళ్లు పట్టింది. బోరింగ్ చేయించాం, పిస్టన్లు, బేరింగులు కొత్తవి, వాల్వులు తెరిచే క్యామ్ కూడా మార్చాం. 600 మైళ్లు బంగారంలా తిరిగింది. పోయిన ఆదివారం హైవే మీద 60లో వెళ్తుంటే కార్బ్యురేటర్‌లోంచి టప్పుమని ఒక్క పేలుడు వినిపించింది. అంతే, ఇంజన్ ఆగిపోయింది. అప్పట్నుంచి ఎంత సెల్ఫ్ కొట్టినా పలకడం లేదు.

మెకానిక్: ఇప్పటిదాకా ఏమేం చేశారు?

కాలర్: కాయిల్ మార్చాను. ఇగ్నిషన్ మాడ్యూల్ మార్చాను. పెట్రోల్ పంపు కూడా మార్చాను సార్. నిద్ర పట్టడం లేదు.

మెకానిక్: మూడేళ్ల కష్టం కదా బాబూ, ఎందుకు పడుతుంది! కాసేపు కొత్త పార్టుల సంగతి పక్కన పెట్టండి. కార్బ్యురేటర్ మీద ఎయిర్ క్లీనర్ తీసి, చేత్తో థ్రాటిల్ లాగి చూశారా? లోపల పెట్రోల్ సన్నటి ధారలుగా చిమ్ముతోందా?

కాలర్: చిమ్ముతోంది సార్.

మెకానిక్: అయితే పెట్రోల్ గొడవ కాదు. మరి కరెంటు?

కాలర్: ప్లగ్గులకు రావడం లేదు. టెస్టర్ పెట్టి చూశాను. అందుకే కాయిల్ మార్చింది.

మెకానిక్: ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఏది? పాయింట్లదా?

కాలర్: కాదండీ, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ రకం, హెచ్‌ఈఐ వేయించాను.

మెకానిక్: జనరల్ మోటార్స్ 1975లో తన బండ్లకు కంపెనీ నుంచే ఇచ్చిన రకం. మంచిదే. దాని లోపల షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. అది తిరిగితేనే మాడ్యూల్‌కి సిగ్నల్, మాడ్యూల్ పలికితేనే కాయిల్‌లో కరెంటు. షాఫ్ట్ తిరగకపోతే మీరు పది కాయిల్స్ మార్చినా ఒక్క నిప్పురవ్వ రాదు. క్యాప్ తీసి, సెల్ఫ్ కొట్టించి, షాఫ్ట్ పైన ఉండే రోటర్ తిరుగుతోందో లేదో చూశారా?

కాలర్: లేదు సార్. ఆ ఆలోచనే రాలేదు.

మెకానిక్: బండి దగ్గరే ఉన్నారా?

కాలర్: షెడ్డులోనే ఉన్నాను. మా బావమరిది కూడా పక్కనే ఉన్నాడు.

మెకానిక్: చాలా మంచిది. ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాలి. డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే కరెంటు వైరు ప్లగ్ పీకేయండి. ఇందాక పెట్రోల్ చిమ్మించారు కదా, నిప్పురవ్వ ఎక్కడా పుట్టకూడదు. క్యాప్ తీసి పక్కన పెట్టి, చేతులు ఫ్యానుకి దూరంగా పెట్టుకోండి. బావగారూ, మూడు సెకన్లు చాలు, సెల్ఫ్ కొట్టండి.

(సెల్ఫ్ శబ్దం)

కాలర్: సార్... తిరగడం లేదు! రోటర్ ఉన్నచోటే ఉంది.

మెకానిక్: దొరికింది. ఇక రెండే దారులు. డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది క్యామ్ షాఫ్ట్. క్యామ్‌ని తిప్పేది టైమింగ్ చైన్. చైన్ తెగితే క్యామ్ కూడా ఆగిపోతుంది. చైన్ బాగుండి, డిస్ట్రిబ్యూటర్ కింది గేరు పోతే క్యామ్ తిరుగుతూనే ఉంటుంది, రోటర్ మాత్రం ఆగుతుంది. సెల్ఫ్ శబ్దం వింటే నాకు రెండోదే అనిపిస్తోంది. చైన్ తెగిన ఇంజన్‌లో కంప్రెషన్ ఉండదు కాబట్టి అడ్డేమీ లేనట్టు గిర్రున ఒకే తీరుగా తిరుగుతుంది. మీది లయగా, బరువుగా తిరిగింది. అయినా చెవిని నమ్మి ఊరుకోవద్దు, కళ్లతో చూద్దాం. టాపెట్ కవర్ మీద ఆయిల్ పోసే మూత తీసి, టార్చ్ వేయండి. వాల్వుని నొక్కే మీట, రాకర్ కనిపిస్తోందా?

కాలర్: ఒకటి కనిపిస్తోంది.

మెకానిక్: బావగారూ, ఇంకో రెండు సెకన్లు. ఇదే ఆఖరు.

(సెల్ఫ్ శబ్దం)

కాలర్: రాకర్ ఆడుతోంది సార్! పైకీ కిందికీ ఆడుతోంది!

మెకానిక్: అయితే చైన్ క్షేమం. వాల్వులు పిస్టన్లకు తగిలి వంగి ఉంటాయన్న భయం కూడా అక్కర్లేదు. ఇప్పుడు తాళం చెవి తీసి మీ జేబులో వేసుకోండి. ఇంకొక్కసారి కూడా సెల్ఫ్ కొట్టొద్దు. ఎందుకో చెప్తాను, ఇది అందరూ వినాలి. ఈ ఇంజన్‌లో ఆయిల్ పంపుని తిప్పేది కూడా ఆ డిస్ట్రిబ్యూటర్ షాఫ్టే. దాని కింది కొస నుంచి ఒక కడ్డీ ఆయిల్ పంపు దాకా దిగుతుంది. గేరు పోయిందంటే కరెంటుతో పాటు ఆయిల్ ప్రెషర్ కూడా పోయినట్టే. మీరు సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ కొత్త బేరింగులు ఆయిల్ లేకుండా తిరిగాయి. మీటర్ చూశారా?

కాలర్: సున్నా మీదే ఉంది సార్. ఇంజన్ స్టార్ట్ కాలేదు కదా, అందుకే అనుకున్నాను.

మెకానిక్: చాలామంది అలాగే అనుకుంటారు. బాగున్న ఇంజన్‌లో కాసేపు సెల్ఫ్ కొట్టినా ముల్లు కొంచెం లేస్తుంది. ఒక ముఖ్యమైన ప్రశ్న. హైవే మీద ఆగిన క్షణంలో క్లచ్ నొక్కారా, గేర్‌లోనే వదిలేశారా?

కాలర్: వెంటనే క్లచ్ నొక్కి పక్కకు తీశాను.

మెకానిక్: పిస్టన్లు తిప్పే మీ క్రాంక్‌ని మీరే కాపాడుకున్నారు. గేర్‌లో వదిలేసి ఉంటే 60 మైళ్ల వేగంలో చక్రాలే ఇంజన్‌ని ఆయిల్ లేకుండా తిప్పేవి. ఇంకోటి, ఈ నెల రోజుల్లో టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే క్షణం, ఏమైనా జారిందా?

కాలర్: జారింది సార్! 34 డిగ్రీలు పెడితే 30కి వచ్చేసేది. రెండుసార్లు సరిచేశాను. డిస్ట్రిబ్యూటర్ బోల్టు లూజేమో అనుకున్నాను.

మెకానిక్: బోల్టు కాదు బాబూ. అప్పటికే గేరు పళ్లు అరుగుతున్నాయి. పళ్లు అరిగేకొద్దీ షాఫ్ట్ వెనకబడుతుంది, కరెంటు ఆలస్యంగా వస్తుంది. ఆఖరికి పళ్లు జారాయి, ఒక సిలిండర్‌కి ఇవ్వాల్సిన కరెంటు ఇన్‌లెట్ వాల్వు తెరిచి ఉన్న ఇంకో సిలిండర్‌లో పడింది. మీరు విన్న పేలుడు అదే. ఇప్పుడు రోటర్ ఎటు చూస్తోందో బాడీ మీద గుర్తు పెట్టి, ఫొటో తీసుకుని, దాన్ని పట్టి ఉంచే హోల్డ్‌డౌన్ బోల్టు విప్పి డిస్ట్రిబ్యూటర్‌ని పైకి లాగండి. గేరు చూసి మళ్లీ ఫోన్ చేయండి. లైను మీకోసం ఉంచుతాం.

యాంకర్: ఈలోగా ఇంకో ఫోన్. చెప్పండమ్మా.

రెండో కాలర్: నాన్నగారిది 1966 మస్టాంగ్, 289 ఇంజన్. కొత్తగా కట్టించాం. బాగా వేడెక్కాక ఆగిపోతుంది. అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

మెకానిక్: చల్లారాక వెతికితే ఏమీ దొరకదమ్మా, ఆగిన నిమిషంలోనే పట్టుకోవాలి. డిక్కీలో స్పార్క్ టెస్టర్ ఒకటి పెట్టుకోండి. ఆగగానే రెండు చూడండి: కరెంటు ఉందా, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ చిమ్ముతోందా. కరెంటు లేకపోతే కాయిల్‌ని అనుమానించండి, వేడికి లోపలి చుట్ట తెగి చల్లారితే అతుక్కునేవి ఉంటాయి. కరెంటు ఉండి పెట్రోల్ లేకపోతే పైపు ఎక్కడో ఎగ్జాస్ట్‌కి దగ్గరగా పోయి పెట్రోల్ ఆవిరవుతోంది, దాన్ని దూరంగా జరపండి.

యాంకర్: కెమారో వారు మళ్లీ లైన్లోకి వచ్చారు.

కాలర్: సార్, తీశాను. గేరు చేతిలో ఉంది. పళ్లు కత్తి అంచుల్లా పల్చగా అయిపోయాయి. ఒకవైపు అసలు పళ్లే లేవు, నున్నగా అయిపోయింది. నల్లటి పొడి అంటుకుని ఉంది.

మెకానిక్: గేరుని పట్టుకునే పిన్ను?

కాలర్: గట్టిగానే ఉంది.

మెకానిక్: పిన్ను విరిగి పళ్లు బాగుంటే పంపులో ఏదో ఇరుక్కుందని అర్థం. మీది అది కాదు, అరుగుడు. క్యామ్ ఏ రకం? దానితో వచ్చిన కార్డు ఉందా?

కాలర్: ఉందండీ. హైడ్రాలిక్ రోలర్. బిల్లెట్ స్టీల్ అని రాసుంది.

మెకానిక్: అదిగో కారణం. బిల్లెట్ అంటే ఉక్కు దిమ్మెను చెక్కి చేసింది. మీ డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చింది మామూలు పోత ఇనుము గేరు. పోత ఇనుము క్యామ్‌తో అది ఏళ్ల తరబడి నడుస్తుంది. బిల్లెట్ స్టీల్ క్యామ్ మీద పెడితే అరిగిపోతుంది, మీకు 600 మైళ్లలో అరిగింది. రెండూ మంచి పార్టులే, జోడీ కుదరలేదు. రోలర్ క్యామ్‌లన్నీ ఇలాగే ఉండవు, కొన్నిటికి వెనక పోత ఇనుము గేరు బిగించి ఇస్తారు. అందుకే కార్డు అడిగాను. ఆయిల్ పంపు హై వాల్యూమ్‌దా?

కాలర్: అవును సార్. మంచిదని వేశారు. ఆయిల్ 20డబ్ల్యూ-50.

మెకానిక్: పెద్ద పంపు, చిక్కటి ఆయిల్, పైగా ఉదయం చల్లటి ఇంజన్. ఆ బరువంతా మోసేది ఈ చిన్న గేరే. బేరింగ్ ఖాళీలు మామూలుగానే పెట్టించి ఉంటే మామూలు పంపు చాలు. వెయ్యి ఆర్‌పీఎమ్‌కి 10 పీఎస్ఐ లెక్కన ప్రెషర్ ఉంటే సరిపోతుంది.

కాలర్: అయితే గేరు మార్చేస్తే అయిపోతుందా సార్?

మెకానిక్: అక్కడ ఆగకండి, దయచేసి. అరిగిన ఆ ఇనుమంతా ఎక్కడికి పోయింది? ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే పాన్‌లోకి. అక్కడి నుంచి పంపు పీల్చుకుంది. ఫిల్టర్ పంపు తర్వాతే వస్తుంది, కాబట్టి పంపు లోపల గీతలు పడి ఉండొచ్చు. పాన్ దించాల్సిందే. ఈ బండిలో ఇంజన్‌ని కొంచెం పైకి లేపితేగాని అది బయటికి రాదు, ఒక రోజు పని. ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి చూడండి. పంపు బిగించి ఉండేది క్రాంక్‌ని పట్టుకునే వెనక మెయిన్ క్యాప్‌కే కాబట్టి ఆ క్యాప్ కూడా తీసి బేరింగ్ చూడండి. బూడిద రంగు పొర నున్నగా ఉంటే సంతోషం. రాగి రంగు బయటపడినా, గోరుకి తగిలే గీతలున్నా మిగతా క్యాప్‌లు కూడా తీయాలి.

కాలర్: క్యామ్ సంగతి?

మెకానిక్: డిస్ట్రిబ్యూటర్ తీసిన రంధ్రంలోంచి టార్చ్ వేసి, ముందు నుంచి క్రాంక్ బోల్టుకి పొడవాటి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పండి. క్యామ్ గేరు ప్రతి పన్ను చూడండి. బాగుంటే దానికి సరిపడే గేరు కొనండి. కంచు గేరు నడుస్తుంది, కానీ అది అరిగే స్వభావమున్నది, మధ్యమధ్యలో తీసి చూస్తుండాలి. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి మెలొనైజ్డ్ స్టీల్ గేరు, అంటే పై పొరను గట్టిపరిచిన ఉక్కు గేరు, మేలు. మీ క్యామ్ చేసినవాళ్లు ఏది చెప్పారో కార్డు మీద చూసి అదే తీసుకోండి. డిస్ట్రిబ్యూటర్ దింపేటప్పుడు కింది కడ్డీ బిగుసుకుపోకుండా కాస్త ఆట ఉండాలి, అది కూడా చూసుకోండి.

కాలర్: స్టార్ట్ చేసే ముందు ఏమైనా...?

మెకానిక్: ప్రైమింగ్, అంటే స్టార్ట్ చేయకముందే ఆయిల్ ఎక్కించడం. డిస్ట్రిబ్యూటర్ దింపకముందే డ్రిల్ మెషిన్‌తో పంపు కడ్డీని గడియారం తిరిగే దిక్కులో తిప్పాలి. డ్రిల్‌కి పెట్టే టూల్‌కి కింద చుట్టూ పట్టీలాంటి భాగం ఉండాలి, ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్ బాడీయే ఒకవైపు ఆయిల్ దారిని మూస్తుంది. ఆ పట్టీ లేకపోతే ఆయిల్ అక్కడే కారిపోయి పైకి ఎక్కదు. క్రాంక్‌ని మధ్యమధ్యలో చేత్తో తిప్పుతూ, 16 రాకర్ల దగ్గరా ఆయిల్ ఊరేదాకా డ్రిల్ ఆపకండి.

కాలర్: ఈ వారమే పాన్ దించుతాను సార్. ఇంజన్ మొత్తం పోయిందనుకున్నాను.

మెకానిక్: పాన్ దించగానే గుడ్డతో తుడిచేయకండి. ముందు అడుగున అయస్కాంతం తిప్పండి. అంటుకున్నదంతా ఈ గేరుదే అనుకోవచ్చు. అంటుకోకుండా మెరిసేది ఏమైనా మిగిలితే అది బేరింగుది. అలా కనిపిస్తే ఏదీ బిగించకుండా నాకు ఫోన్ చేయండి.