ఒక బల్ల, ఒక వాక్యం

శ్రోతలకు నమస్కారం.

బైబిలు వాక్యానికి అర్థం చెప్పవలసింది ఎవరు? సంఘమా, చదివే మనిషా? ఈ ప్రశ్న వినగానే నాకు ఒక బల్ల గుర్తొస్తుంది. సుద్దముక్కతో రాసిన బల్ల.

పోపులూ మహాసభలూ పొరబడ్డ సందర్భాలున్నాయి, నా మనస్సాక్షి దేవుని వాక్యానికే కట్టుబడి ఉంది అని 1521లో జర్మనీలోని వర్మ్స్ సభలో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ చెప్పాడు. ఎనిమిదేళ్లు గడిచాయి. 1529 అక్టోబరు, జర్మనీలో మార్బుర్గ్ కోట. ఒకవైపు లూథర్, ఇంకోవైపు స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ. ఇద్దరూ పోపు అధికారాన్ని కాదన్నవాళ్లే. ఇద్దరూ లేఖనమే ప్రమాణమన్నవాళ్లే. ఇద్దరి ముందూ ఒకటే వాక్యం, కడరాత్రి భోజనంలో రొట్టె ఇస్తూ యేసు ప్రభువు అన్నది: "ఇది నా శరీరము."

లూథర్ దాన్ని లాటిన్‌లో బల్ల మీద సుద్దతో రాసి, గుడ్డ కప్పి ఉంచాడు. వాదన ముదిరాక గుడ్డ తీసి చూపించాడు. అందులో 'ఎస్ట్' అనే మాట ఉంది, 'అయి ఉన్నది' అని. ప్రభువు అలా అన్నాడు కాబట్టి ఆయన శరీరం ఆ రొట్టెలో నిజంగా ఉన్నట్టే అన్నాడు లూథర్. కాదు, 'సూచిస్తున్నది' అని అర్థం, "నేను ద్రాక్షావల్లిని" అని కూడా ప్రభువే అన్నాడు కదా అన్నది జ్వింగ్లీ వాదం. 15 అంశాల్లో 14 కుదిరాయి. ఇదొక్కటీ కుదరలేదు. జ్వింగ్లీ కన్నీళ్లు పెట్టుకున్నాడు. అయినా సహోదరుడిగా చేయి కలపడానికి లూథర్ ఒప్పుకోలేదు. మొదటిసారి ఇది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఇప్పుడు మన తెలుగు వాక్యం చూడండి. "ఇది నా శరీరము." ఆ 'అయి ఉన్నది' ఇందులో లేనే లేదు! ఒంటరిగా చదువుకునే తెలుగు పాఠకుడికి అంత తగవు ఏ మాట దగ్గర పుట్టిందో కూడా కనిపించదు. ఎవరో ఒకరు చెప్పాలి.

అలాగని చదివే హక్కు వదులుకోమనను. అపొస్తలుడు పౌలు చెప్పిన మాటల్ని సైతం బెరయ ఊరివారు లేఖనాలతో సరిచూసుకున్నారు, అందుకు మెప్పు పొందారు. వాక్యానికి అర్థం నిర్ణయించేది తిరుసభే అని 1546లో కతోలికుల ట్రెంట్ మహాసభ తీర్మానించింది, నిజమే. కానీ తిరుసభ బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదు, దానికి సేవ చేస్తుంది అని 1965లో కతోలికులదే అయిన రెండవ వాటికన్ మహాసభ కూడా చెప్పింది. ఆ 'సేవ' అన్న మాట నాకు చాలా ఇష్టం.

కాబట్టి ఒక్క పని చేద్దాం. ఏదైనా వచనానికి అర్థం తట్టగానే ఇతరులకు చెప్పే ముందు, నాకన్నా ముందు చదివినవాళ్లు దీన్ని ఎలా గ్రహించారు అని అడిగి తెలుసుకుందాం. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడు చేసింది అదే. యెషయా గ్రంథం తన చేతిలోనే ఉంది, తానే చదువుతున్నాడు. గ్రహిస్తున్నావా అని ఫిలిప్పు అడిగితే, త్రోవ చూపేవాడు లేకుండా ఎలా అన్నాడు. రథమెక్కి పక్కన కూర్చోమని బతిమాలాడు. కూర్చున్నాక అడిగాడు: ప్రవక్త ఈ మాట ఎవరి గురించి చెబుతున్నాడు? తన గురించా, ఇంకొకరి గురించా?

సెలవు.