మా కోరంగి పేరు

సభకు నమస్కారం. పెద్దలందరి పేర్లూ చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన టైమంతా అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

మడ అడవి గురించి చెప్పమన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. గౌతమి నుంచి విడిపోయిన పాయ ఒకటి మా కోరంగి మీదుగా కాకినాడ అఖాతంలో కలుస్తుంది. మన పెద్దలు దాన్ని ఆత్రేయ అన్నారు. చొల్లంగి అమావాస్యకి సప్తసాగర యాత్ర మొదలుపెట్టినవాళ్లు ఈ సంగమాల్లో మునుగుతూ అంతర్వేది దాకా వెళ్తారు. రోజూ పోటుకి ఉప్పునీళ్లు లోపలికొస్తాయి, పాటుకి వెనక్కి పోతాయి. ఆ బురదలో గాలి ఆడక మడ చెట్టు వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. ఇదంతా మీకు తెలిసిందే.

1996 నవంబరు 6 తుఫాను సంగతి చెబుతాను. ఆ మధ్యాహ్నం గాలి తిరిగిందని మా నాన్న నావని ఒడ్డున వదలకుండా మడల మధ్య సన్నటి పాయలోకి తోసి, మూడు చెట్లకి మోకులు కట్టాడు. అమ్మ తిట్టింది, ఇంటికి రమ్మని. తెల్లారాక వెళ్తే నావ ఉంది. చెట్ల ఆకులన్నీ రాలిపోయాయి గానీ మోకు ఒక్కటీ తెగలేదు. ఒడ్డున కట్టినవాళ్లకి చెక్క కూడా దొరకలేదు. ఆ మూడు చెట్లూ ఇప్పుడు లేవండీ. రొయ్యల చెరువు కోసం నరికేశారు. అడ్డుపడ్డందుకు నన్నే ఊరిమీద కోపం ఉన్నవాడన్నారు. మూడు చెట్లు!

అన్నట్టు, ఓడల మాట మర్చిపోయాను. ఇక్కడ ఓడలు కట్టేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను, ఉప్పెన వచ్చి రేవుని ఊడ్చేశాయి. అయినా పేరు పోలేదు. బర్మాకి పనికి వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ ‘కోరంగీ’లనే పిలిచారు. శ్రీకాకుళం నుంచి వెళ్లినా సరే, కోరంగీయే. మా తాత కాకినాడలో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లాడు. ఆ పేరుతోనే పిలిపించుకుని, తిరిగొచ్చి ఈ పాయలోనే వల వేశాడు.

అందుకే అడుగుతున్నాను. మడ గురించి పిల్లలకి చెప్పేటప్పుడు పిట్టల లెక్క, నీటిపిల్లి ఫొటో చూపించి ఆపొద్దు. మీలో ఎవరింట్లోనైనా రంగం వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా? చేతులెత్తండి. అమ్మా, వెనక కూర్చున్న మీరు, వెళ్లిపోకండి. నా దగ్గర నోట్‌బుక్ ఉంది, మీ పెద్దవాళ్ల పేర్లు రాసుకుంటాను. పాటు మొదలయ్యేలోపు మనం పడవ ఎక్కాలి. తర్వాత ఆ పాయలో నీళ్లుండవు.